అనంతపురం గాలికి నిలబడే ఇంటి కప్పు: ఏ రేకు, ఎన్ని స్క్రూలు, ఎంత పునాది

రేకుల అంగట్లోకి పోయి "గాలికి ఏది నిలుస్తుందన్నా?" అని అడిగితే మందం చెప్తారు, రంగు చూపిస్తారు, గ్యారెంటీ కార్డు తీస్తారు. కింద వేసే పైపు గోడ ఎంత మందం, స్క్రూ ఎంతెంత దూరానికి, స్తంభం గుంతలో కాంక్రీటు ఎంత అనే మాట అక్కడ రాదు. గాలికి లేచిపోయిన షెడ్డు దగ్గరికి పోయి చూస్తే తెలిసేది వేరే. రేకు మధ్యలో చిరిగిన కేసులు తక్కువ. స్క్రూ పైపులోంచి ఊడి వచ్చి ఉంటుంది, లేదా స్క్రూ అలాగే ఉండి దాని తల చుట్టూ రేకు చీరుకుపోయి ఉంటుంది. ఇంకా అన్యాయమైన కేసుల్లో రేకు, స్క్రూ, పర్లిన్ (రేకు కింద అడ్డంగా వేసే పైపు) అన్నీ ఒకటిగానే ఉండి, మొత్తం చట్రం గోడ మీద నుంచి లేచి పక్క చేన్లో పడి ఉంటుంది. అందుకే ఈ రాతలో రేకు రకం గురించి కొంతే ఉంటుంది, దాన్ని పట్టుకునే వాటి గురించి ఎక్కువ.

మన గాలి రెండు రకాలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో పాటు వచ్చే ఈదురు గాలి ఒకటి. అరగంట ఉంటుంది, ఏ దిక్కు నుంచైనా వస్తుంది, ఒక్కోసారి వడగళ్ళు కూడా తెస్తుంది. రెండోది జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర, నైరుతి నుంచి ఆగకుండా వీచే ముంగారు గాలి, ఆషాఢం గాలి. రామగిరి, కడవకల్లు కొండల మీద గాలిమరలు పెట్టింది దీన్ని చూసే. మొదటి గాలి ఒక్క దెబ్బతో లేపుతుంది. రెండోది రోజూ కాస్త కాస్త ఊపి స్క్రూను వదులు చేస్తుంది, ఆ పైన వచ్చే ఏడాది మొదటిది వచ్చి పని ముగిస్తుంది.

గాలి నెట్టదు, పీలుస్తుంది

గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. ఏటవాలు తక్కువున్న కప్పు మీదుగా గాలి దూసుకుపోతే జరిగేది తలకిందులు: పైన ఒత్తిడి తగ్గి కప్పు పైకి పీల్చబడుతుంది. తలుపో షట్టరో తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కింద నుంచి కూడా తోస్తుంది. రెండూ కలిసి ఒకే వైపు పనిచేస్తాయి, పైకి.

లెక్క కష్టమేమీ కాదు. భవనాల మీద గాలి భారానికి మన దేశంలో ఐ.ఎస్. 875 అనే భారత ప్రమాణం మూడో భాగం చూస్తారు. 2015లో సవరించారు. అందులో మన పక్కనున్న కర్నూలుకు ఇచ్చిన మూల వేగం, అంటే లెక్క మొదలుపెట్టే గాలి వేగం, సెకనుకు 39 మీటర్లు, గంటకు 140 కిలోమీటర్లు. ఇక్కడ దాన్నే తీసుకుందాం. బెంగళూరుకు 33, నెల్లూరుకు 50. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 39కి అది సుమారు 912 న్యూటన్లు, మన భాషలో చదరపు మీటరుకు 93 కిలోలు, చదరపు అడుగుకు ఎనిమిదిన్నర కిలోలు. ఇంజనీరు దీని మీద ఎత్తు, చుట్టుపక్కల కట్టడాలు, కొండ వాలు, కప్పు ఆకారం చూసి పెంచుతాడు, తగ్గిస్తాడు. ఊరి మధ్యలో కొంత తగ్గుతుంది. కొండ అంచున, చెరువు కట్ట పక్కన, ఒంటరిగా చేన్లో ఉంటే తగ్గదు, కొండ వాలు మీదైతే ఇంకా పెరుగుతుంది.

ఒక 10 అడుగులకు 20 అడుగుల షెడ్డు తీసుకోండి. 200 చదరపు అడుగులకు పైకి లాగే బలం సుమారు 1,700 కిలోలు. ఆ 200 చదరపు అడుగులకు పడే 0.5 మి.మీ. రేకుల బరువు 85 కిలోల దాకా. ఆ పదిహేడు వందల కిలోలను ఆపాల్సింది స్క్రూలు, వెల్డింగు, స్తంభాల కింద కాంక్రీటు. పైన నాలుగు రాళ్ళు, ఇసుక మూటలు పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే చాలు. పైగా ఎగిరిన రేకుతో పాటు ఆ రాయి కూడా వస్తుంది. వాకిట్లో మనిషి ఉంటే రేకు కంటే రాయే ప్రమాదం.

ఈ బలం కప్పంతా ఒకేలా ఉండదు. చూరు అంచుల్లో, కొప్పు దగ్గర, అన్నిటికంటే మూలల్లో రెట్టింపు దాకా పోతుంది. రేకు ఎప్పుడూ మూల నుంచే లేవడం మొదలయ్యేది ఇందుకే. ఒక మూల లేచిందంటే గాలి దాని కిందికి దూరి పక్క రేకును లేపుతుంది, ఆపైన వరుసగా అన్నీ పోతాయి.

బరువుతో నిలిచేవి

కప్పులు రెండు జాతులు: తన బరువుతోనే నిలిచేవి, బిగింపుతో నిలిచేవి. మొదటి జాతికి గాలి భయం దాదాపు లేదు.

ఐదంగుళాల ఆర్.సి.సి. శ్లాబు చదరపు మీటరుకు మూడు వందల కిలోలు దాటుతుంది. డబ్బుంటే, గోడలూ పునాదీ తట్టుకుంటే ఇంటికి దీనికి మించింది లేదు. వేడి ఒక్కటే బాధ. పైన తెల్ల పూతో, తెల్ల పెంకుల పరుపో వేస్తే అది చాలావరకు తగ్గుతుంది. శ్లాబు ఇళ్ళలో గాలికి పోయేది కప్పు కాదు, కప్పు మీది సామాను: ఖాళీ ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు, సోలార్ పలకలు, డిష్. ట్యాంకును ఎప్పుడూ మూడో వంతైనా నిండుగా ఉంచి, నడుముకు పట్టీ వేసి కట్టండి.

మట్టి మిద్దె కూడా గాలికి కదలదు. దూలాలు, దంతెలు అనే అడ్డ కర్రలు, వాటి మీద తొమ్మిదంగుళాల నుంచి అడుగు మందం మన్ను, పైన చౌడు మట్టి. వేసవిలో దానంత చల్లన ఏ కప్పుకూ లేదు. దాని శత్రువు గాలి కాదు, వాన. ఏటా చౌడు వేసి తొక్కించకపోతే నీళ్ళు దిగి దంతె పుచ్చిపోతుంది, తడిసిన మన్ను బరువుకు ఒక రాత్రి కూలుతుంది. ఆ పని తెలిసిన మనుషులు మీ ఊళ్ళో ఇంకా ఉంటేనే దీన్ని నిలుపుకోండి. పాత మట్టి గోడల మీద ఆ మిద్దె తీసేసి రేకులు వేయాలనుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త: ఆ గోడలు ఇన్నాళ్ళు నిలబడింది పైనున్న బరువు వల్ల కూడా. బరువు తీసి తేలిక రేకు పెట్టి, ఆ రేకును మట్టి గోడకు బిగిస్తే గాలి రేకుతో పాటు గోడ పై వరుసలను కూడా లాగేస్తుంది.

కడప, తాడిపత్రి, బేతంచెర్ల బండలు మన దగ్గరే దొరికే సొత్తు. రెండంగుళాల బండ చదరపు మీటరుకు 130 కిలోలకు పైన తూగుతుంది, అంటే సగటు గాలి లాగుడు కంటే ఎక్కువ. మూలల్లో, అంచుల్లో పిట్టగోడ బరువు పెట్టాలి. బండను గోడ దాటించి బయటికి వేలాడదీయకూడదు. బండ వంగే బలం లేని రాయి, అందువల్ల కింది ఆధారాల మధ్య మూడడుగులు మించనివ్వకండి. వేసే ముందు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. ఖంగుమని మోగితే మంచిది, డబడబ అంటే లోపల పొర విడిపోయి ఉంది, పక్కన పెట్టండి. నీళ్ళు కారేది ఎప్పుడూ అతుకుల దగ్గరే.

మంగళూరు పెంకు చూడ్డానికి బరువుగా ఉంటుంది గానీ ఈ జాతిలోకి రాదు. చదరపు మీటరుకు పదిహేను పెంకులు, నలభై కిలోలు. 93 కిలోల లాగుడు ముందు అది చాలదు. చూరు వెంట రెండు వరుసలు, కొప్పు వెంట రెండు వరుసలు, అంచు వరుసలు మొత్తం పెంకు కన్నంలోంచి తీగ పోసి రీపరుకు కట్టాల్సిందే.

సిమెంటు రేకు

చవక, వేడి ఇనప రేకంత కొట్టదు, తుప్పు పట్టదు. ఆరు మి.మీ. రేకు చదరపు మీటరుకు 13 కిలోల దాకా ఉంటుంది. గాలికి దాని జబ్బు పెళుసుదనం. ఇనప రేకు వంగి తట్టుకుంటుంది, ఇది వంగదు, బోల్టు కన్నం దగ్గర గీతలా పగులు మొదలై అంచు దాకా పోతుంది. వడగళ్ళకు కూడా ఇదే మొదట పోతుంది.

కన్నం పొడిచి పెట్టకూడదు, డ్రిల్లుతోనే వేయాలి. బోల్టు 8 మి.మీ. అయితే కన్నం 10 మి.మీ. ఉండాలి. రేకు అలలో ఎత్తుగా ఉండే గుండు మీదే వేయాలి, పల్లంగా ఉండే కాలువలో కాదు. జె-బోల్టుకు (జె అక్షరంలా వంగిన బోల్టు) కింద తారు వాషరు, దాని పైన జి.ఐ. (జింకు పూసిన ఇనుము) వాషరు వేసి, చేతి బిగువు వచ్చాక అర తిప్పు మాత్రమే బిగించాలి. మేస్త్రీ పానా పట్టుకుని బలం చూపించే చోటు ఇది కాదు. నాలుగు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే చోట ఎదురెదురు రెండిటి మూలలు కోయకపోతే రేకు ఎత్తుగా నిలిచి, గాలి దూరడానికి సందిస్తుంది. ఆరు మి.మీ. రేకుకు పర్లిన్ల మధ్య 1.4 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు దాటకూడదు.

ఈ రేకుల్లో ఎక్కువ వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఎండు రేకును గ్రైండరుతో కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి ఏళ్ళ తరువాత రోగం తెస్తుంది. తడిపి, చేతి రంపంతో కోయించండి. గాలికి పగిలిన ముక్కలను చీపురుతో ఊడ్చకుండా నీళ్ళు చల్లి ఏరి మూట కట్టండి. పగిలిన రేకు మీద ఎక్కి నడవకండి, పర్లిన్ మీద పలక వేసుకుని నడవండి. పడిపోయేవాళ్ళలో చాలామంది ఒక్క రేకు మార్చడానికి ఎక్కినవాళ్ళే.

కలర్ రేకు కొనేటప్పుడు

ఇప్పుడు జిల్లాలో కొత్తగా పడే షెడ్లలో ఎక్కువ ఇవే. ఉక్కు మీద అల్యూమినియం, జింకు కలిపిన పూత, దాని మీద రంగు. పూతలో అల్యూమినియం 55 శాతం, జింకు 43.4, మిగతాది సిలికాన్. దీన్ని ఏజెడ్ 150 అని రాస్తారు, అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాములు. దానికి తక్కువ పూత ఉన్నవి కూడా అదే రంగులో, అదే మెరుపుతో అమ్ముడవుతాయి.

మందంలో మాయ ఉంటుంది. 0.50 అని చెప్పింది పూతలు కలిపిన మందం, లోపలి ఉక్కు 0.45 దగ్గర ఉంటుంది. బలం ఆ ఉక్కుదే. బిల్లులో రెండూ రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే తూకం వేయండి. నాలుగడుగుల వెడల్పు కాయిల్ (రేకు చుట్ట) నుంచి మడిచిన పదడుగుల రేకు 0.50 అయితే 14 కిలోల దగ్గర తూగాలి. 0.35 రేకు తొమ్మిదిన్నర కిలోలే ఉంటుంది. అంగడి ముందు కాటా మీద నిలబెడితే ఒక్క నిమిషంలో సంగతి బయటపడుతుంది. మైక్రోమీటరు కంటే ఇదే నమ్మకం, రంగు మందాన్ని పెంచి మైక్రోమీటరును మోసం చేయొచ్చు, కాటాను చేయలేరు.

గాలి ఉన్న చోట 0.45కి తక్కువ వేయొద్దు. పశువుల కొట్టానికైనా సరే. పల్చటి రేకులో స్క్రూ తల చుట్టూ చీరుకుపోవడం ఎక్కువ. ముంగారు గాలి రేకును పైకి కిందికి ఊపే కొద్దీ కన్నం గుండ్రం పోయి కోలగా సాగుతుంది, చివరికి చీలిక అవుతుంది. 0.5 పైన పోతే మాత్రం ఆ డబ్బు రేకు మీద కాకుండా పర్లిన్ల మీద, స్క్రూల మీద పెట్టడం మేలు. నాకు 0.6 రేకు, ఐదడుగులకొక పర్లిన్ కంటే 0.45 రేకు, మూడడుగులకొక పర్లిన్ ఎక్కువ నమ్మకం.

రంగు తెలుపో, లేత బూడిదో తీసుకోండి. ముదురు నీలం, ముదురు ఎరుపు రేకు ఎండలో చేయి పెట్టలేనంత కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది. పగటికీ రాత్రికీ నలభై డిగ్రీల తేడా వస్తే పన్నెండడుగుల ఇనప రేకు రెండు మి.మీ. దాకా సాగి ముడుచుకుంటుంది. ప్రతి రోజూ స్క్రూను అటూ ఇటూ లాగుతున్నట్టే. వెలుగు కోసం మధ్యలో వేసే పాలీకార్బనేట్ షీటు అదే వేడికి సెంటీమీటరు సాగుతుంది. దానికి స్క్రూ సైజు కన్నం వేస్తే చీలుతుంది. కన్నం పెద్దగా వేసి, వెడల్పు వాషరు పెట్టి బిగించాలి. గాలికి మొదట ఎగిరేది కూడా అదే కాబట్టి మూలల్లో, అంచు వరుసలో ఎప్పుడూ పెట్టకండి.

స్క్రూ, వాషరు, పైపు

అసలు విషయం ఇక్కడుంది.

స్క్రూ 5.5 మి.మీ. సెల్ఫ్ డ్రిల్లింగ్ రకం, జింకు పూత ఉన్నది కావాలి. దాని కింద ఇ.పి.డి.ఎం. అనే, ఎండకు తట్టుకునే రబ్బరు వాషరు ఉండాలి. మామూలు నల్ల రబ్బరు, ప్లాస్టిక్ వాషర్లు వేసిన చోట రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగిలినట్టు అవీ పగులుతాయి. రెండు ఎండాకాలాలు దాటవు. వాషరును గోటితో గట్టిగా నొక్కి చూడండి, మంచిది మెత్తగా దిగి మళ్ళీ పైకి లేస్తుంది. నకిలీది నొక్కుకుపోయి అలాగే ఉంటుంది.

రేకు గుండు మీద వేస్తే నీళ్ళు కారవు గానీ స్క్రూ పొడుగు కావాలి, 55 నుంచి 65 మి.మీ. కాలువలో వేస్తే పట్టు గట్టి, 25 మి.మీ. చాలు, కానీ వాషరు పాడైన రోజున నీళ్ళు నేరుగా ఇంట్లోకి. ఇంటికి గుండు మీదే మేలు. ఎంత బిగించాలి? వాషరు రబ్బరు ఇనప మూత అంచు దాటి కొద్దిగా ఉబ్బి కనిపించేంత. బయటికి పూర్తిగా పిండుకొచ్చిందంటే ఎక్కువైంది, గుండు కూడా లోపలికి నొక్కుకుని గుంత పడుతుంది, అక్కడ నీళ్ళు నిలుస్తాయి. రబ్బరు చేత్తో తిరిగితే తక్కువైంది. డ్రిల్లు మిషన్ బిగువు సెట్టింగు ముందే తక్కువకు పెట్టించండి. స్క్రూ వంకరగా దిగితే దాన్ని సరిచేయాలని చూడొద్దు, తీసేసి పక్కన మంచిది వేసి, పాత కన్నాన్ని సీలెంటుతో మూయాలి.

ఎన్ని కావాలి? మళ్ళీ ఆ 10 బై 20 షెడ్డే చూద్దాం. ఒక్క వాలు, చూరులతో కలిపి పన్నెండడుగుల రేకులు ఏడు. పర్లిన్లు ఐదు వరుసలు: రెండు చివర్లలో రెండున్నర అడుగుల ఎడం, మధ్యలో మూడడుగులు. చివరి రెండు వరుసల మీద ప్రతి గుండుకూ ఒక స్క్రూ, రేకుకు ఐదు చొప్పున 70. మధ్య మూడు వరుసల మీద రేకుకు మూడు చొప్పున 63. రెండు పక్కల అంచు రేకులకు అక్కడ కూడా అన్ని గుండ్లకూ వేస్తే ఇంకో 12. రేకు, రేకు కలిసే పక్క అతుకుల్లో అడుగున్నరకొకటి చొప్పున చిన్న కుట్టు స్క్రూలు, ఆరు అతుకులకు 48. మొత్తం 193, రెండు వందలు అనుకోండి. ఇదే సైజు షెడ్డుకు సగం కూడా వేయకుండా దిగిపోయే మేస్త్రీలున్నారు. ముఖ్యంగా పక్క అతుకు కుట్లు దాదాపు ఎవరూ వేయరు, గాలి వేలు దూర్చేది సరిగ్గా అక్కడే. స్క్రూలు మీరే కొని డబ్బా లెక్కపెట్టి ఇవ్వండి, మిగిలినవి లెక్కపెట్టి తీసుకోండి.

స్క్రూ ఎంత మంచిదైనా అది పట్టుకునేది పైపు గోడను. 1.2 మి.మీ. పైపులో స్క్రూకు నిండా ఒక మర కూడా దొరకదు, ఊపుడుకు అది అరిగి జారి వస్తుంది. 2 మి.మీ. గోడ ఉన్న చదరపు పైపో, సి పర్లినో అడగండి. పైపు కూడా తూకానికే అమ్ముతారు కాబట్టి పల్చటిది ఇచ్చి మందం పేరు చెప్పడం కష్టం, బరువును పొడవుతో పోల్చి చూడండి.

పని అయ్యాక రేకు మీద పడిన ఇనప పొట్టును ఆ సాయంత్రమే మెత్తటి బ్రష్‌తో ఊడ్చేయాలి. వదిలేస్తే ఒక్క వానకే తుప్పు చుక్కలు తేలి, కొత్త రేకు పాడైపోయిందని గొడవ మొదలవుతుంది. రేకును గ్రైండరుతో కోయకూడదు, వేడికి అంచు వెంట పూత కాలిపోతుంది. కత్తెరతోనో, నిబ్లరుతోనో (రేకును కొరికి కోసే పనిముట్టు) కోయించండి.

ఇంకో అలవాటు మానిపించాలి. రేకు గోడకు తగిలే సందును మన మేస్త్రీలు సిమెంటు మాలుతో పూస్తారు. తడి సిమెంటులోని క్షారం అల్యూమినియం, జింకు పూతను తినేస్తుంది. పైగా రేకు ఊగుతుంది, మాలు ఊగదు, మొదటి నెలలోనే పగులు ఇస్తుంది. ఆ చోట రేకు పట్టీని గోడలో గాడి కోసి దూర్చి, సీలెంటు వేయాలి.

కింది చట్రం, గోడ, గుంత

పర్లిన్‌ను రాఫ్టరుకు (పర్లిన్లను మోసే వాలు దూలం) రెండు చుక్కల వెల్డింగుతో అంటించి పోతారు. కింది నుంచి చూస్తే తెలియదు. రెండు వైపులా నిండు వెల్డింగు ఉండాలి, చల్లారాక మసి గీకి జింకు పెయింటు వేయాలి, తుప్పు మొదలయ్యేది వెల్డింగు దగ్గరే.

ట్రస్ (త్రికోణాలుగా అల్లిన ఇనప చట్రం) వేస్తే ఒక సూక్ష్మం ఉంది. మామూలు రోజుల్లో ట్రస్ కింది కడ్డీ లాగుడులో ఉంటుంది కాబట్టి సన్నటి యాంగ్లరు చాలనిపిస్తుంది. గాలి కప్పును పైకి లాగినప్పుడు అదే కడ్డీ నొక్కుడులోకి వస్తుంది, సన్నటిదైతే పక్కకు వంగిపోతుంది. ట్రస్‌కూ ట్రస్‌కూ మధ్య కింది కడ్డీలను కలుపుతూ అడ్డ పైపులు, రెండు కొసల్లో ట్రస్‌ల నడిమి ఎడంలో వాలు వెంట 10 లేదా 12 మి.మీ. కడ్డీతో ఇంటూ ఆకారం కట్లు అందుకే అడిగేది.

ఇటుక గోడ మీద చట్రం కూర్చుంటే గోడ పైన నాలుగు వైపులా కాంక్రీటు బెల్టు ఉండాలి, 10 మి.మీ. కడ్డీలు నాలుగు. బెల్టు పోసేటప్పుడే 12 మి.మీ. బోల్టులు అందులో ఉంచి, వాటి కొక్కెం కింది వరుసల్లోకి రెండడుగులైనా దిగేలా చేయాలి. ఊరికే పై ఇటుకలో గుచ్చిన బోల్టు ఇటుకతో సహా వస్తుంది. నాలుగున్నర అంగుళాల పిట్టగోడ మీద మిద్దెపై షెడ్డు నిలబెట్టడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. ఆ గోడకు పైకి లాగే బలాన్ని తట్టుకునే బరువు లేదు, పక్కకు తోస్తే నిలిచే బలం అంతకన్నా లేదు. మిద్దె మీద షెడ్డు స్తంభాలు కింది పిల్లర్ల నెత్తిన రావాలి, స్తంభం కింద 8 మి.మీ. ఇనప పలక, నాలుగు 12 మి.మీ. బోల్టులు.

నేల మీద పైపు స్తంభాలైతే గుంత చూడండి. మన షెడ్డుకు ఆరు స్తంభాలుంటే 1,700 కిలోలను ఆరుతో భాగిస్తే ఒక్కోదానికి 285. ఒక వైపు తెరిచి ఉన్న షెడ్డుకు కింది తోపుడు కూడా చేరి ఇది ఒకటిన్నర రెట్లు దాటి 450కి పోతుంది. కాంక్రీటు ఘనపుటడుగు 68 కిలోలు. అడుగున్నరకు అడుగున్నర, రెండున్నర లోతు గుంతలో 380 కిలోలే పడతాయి. రెండుకు రెండు, రెండున్నర లోతు చేస్తే 680. తేడా గుంతకు నాలుగు బొచ్చెల కంకరే కాకపోయినా మొత్తం షెడ్డు ఖర్చులో పెద్దది కాదు. పైపు అడుగున అడ్డంగా కడ్డీ ముక్క వెల్డు చేసి ముంచండి, లేకపోతే కాంక్రీటు గుంతలో ఉండి పైపు మాత్రం జారి వస్తుంది.

ఆకారం, దిక్కు

ఐదు డిగ్రీల వాలు కప్పును గాలి పీల్చినంతగా ఇరవై, ఇరవైఐదు డిగ్రీల వాలును పీల్చదు. నాలుగు వైపులా వాలే కప్పు రెండు వైపులా వాలే కప్పు కంటే మేలు. చూరు అడుగున్నర చాలు, నీడ కోసం మూడడుగులు బయటికి లాగితే గాలికి పిడి అందించినట్టే. వరండా నీడ కావాలంటే దాన్ని వేరే చిన్న కప్పుగా కట్టండి. అది లేచిపోయినా ఇంటి కప్పు నిలుస్తుంది.

రేకుల పరుపు తూర్పు చివర నుంచి మొదలుపెట్టి పడమరకు రావాలి. అప్పుడు ప్రతి పడమటి రేకు అంచు తూర్పు రేకు మీదికి ఎక్కి, అతుకు నోరు తూర్పుకు ఉంటుంది. మూడు నెలల ముంగారు గాలి దాని మీదుగా పోతుంది, లోపలికి దూరదు. పని మొదలయ్యే రోజు మీరు అక్కడ లేకపోతే నిచ్చెన ఎటు వైపుంటే అటు నుంచే మొదలవుతుంది.

ఇక వాస్తు. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం అంటారు కాబట్టి ఒక్క వాలు షెడ్లలో ఎత్తు అంచు పడమరకో దక్షిణానికో వస్తుంది. ఒక్క వాలు కప్పుకు ఎత్తు అంచు గాలికి ఎదురుగా ఉండటమే అన్నిటికంటే చెడ్డ స్థితి, అక్కడే పీల్పు ఎక్కువ. వాస్తు వదులుకోమని చెప్తే వినేవాళ్ళు తక్కువ కాబట్టి మార్గం చెప్తాను. పడమటి గోడను రేకు దాకా సందు లేకుండా లేపండి. ఆ అంచున చూరును ఆరంగుళాలకు కుదించండి. మొదటి రెండు పర్లిన్ల మధ్య ఎడం రెండడుగులే ఉంచండి. రేకు అంచు మీద నుంచి గోడ ముఖం మీదికి మడిచిన పట్టీని అడుగుకొక స్క్రూతో బిగించండి. గాలి రావడానికి కిటికీలు తూర్పుకు పెట్టుకోవచ్చు.

హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగుల షెడ్లకు గాలి ఆడాలి, నాలుగు వైపులా తెరలుంటాయి. గాలి లేచినప్పుడు మొదట పడమటి తెరలు దించి, తూర్పువి తెరిచి ఉంచాలి. లోపలికి దూరిన గాలికి పోయే దారి ఉంటే కప్పు మీద తోపుడు తగ్గుతుంది. తలకిందులు చేస్తే షెడ్డు గాలితిత్తి అవుతుంది.

ఏటా మార్చిలో

ఈదురు గాలులకు ముందు ఒక పూట చాలు. నిచ్చెన వేసుకుని పొద్దున్నే, రేకు కాలకముందు చూడండి. అంచు వరుసల్లో ప్రతి స్క్రూనూ చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే పానాతో బిగించండి. బిగించినా ఊరికే తిరుగుతూ ఉంటే పైపులో మర పోయింది, తీసి అదే కన్నంలో 6.3 మి.మీ. స్క్రూ వేయండి. వాషరు చుట్టూ తుప్పు వలయం ఉంటే నీళ్ళు దిగుతున్నాయి. కన్నం కోలగా సాగి ఉంటే స్క్రూ పెద్దది వేసి ప్రయోజనం లేదు, ఆ కన్నం మూసి రెండంగుళాలు పక్కన కొత్తది వేయాలి. ఒక రేకు మీద అలాంటి కన్నాలు నాలుగైదు కనిపిస్తే ఆ రేకు మార్చండి, దాని కింది పర్లిన్ కూడా ఊగుతోందేమో పట్టి చూడండి. ఊగితే తప్పు రేకుది కాదు, ఎడం ఎక్కువైంది, మధ్యలో ఇంకో పర్లిన్ దూర్చాలి.

గాలి మొదలయ్యాక రేకు టపటపలాడుతుంటే పైకి ఎక్కకండి. లోపల నుంచి తాడుతో ఆ రేకును, పర్లిన్‌ను కలిపి కట్టే వీలుంటే కట్టండి, పడమటి తలుపులు మూయండి, మనుషులను, పశువులను శ్లాబు కిందికో బండల మిద్దె కిందికో మార్చండి. కరెంటు తీగ రేకు మీద పడితే చట్రమంతా కరెంటే, ఆ తీగలో కరెంటు తీయించేదాకా స్తంభాన్ని కూడా ముట్టుకోకూడదు.